పాత పెంకుటిల్లు పడగొట్టకండి... అర్రలు బాగుచేసి అద్దెకివ్వండి

గండిమైసమ్మ చౌరస్తా దాటి నర్సాపూర్ రోడ్డున ముందుకు పోతే రెండు పక్కలా ఇప్పుడు పంట కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. 1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి శంకుస్థాపన చేసిన నాడు దుండిగల్ ఒక పల్లెటూరు. 2000 తరువాత ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. బహదూర్‌పల్లిలో 2014లో మొదలైన మహీంద్రా కాలేజీ 2020లో యూనివర్సిటీ అయింది. 2018లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. ఎకరాలు గజాలయ్యాయి.

ఈ మార్పులో ఎకరం, రెండెకరాలు మిగిలిన రైతుకు ఊరి నడుమ తాతల నాటి పెంకుటిల్లు కూడా మిగిలి ఉంటుంది. కాలేజీ పిల్లలు, కంపెనీల్లో పనిచేసేవాళ్ళు గది కోసం ఊళ్ళోకి వచ్చి అడుగుతూనే ఉంటారు. అప్పుడు రైతుకు వచ్చే మొదటి ఆలోచన ఏమిటి? పాత ఇల్లు పడగొట్టి, చేను బ్యాంకులో పెట్టి, మూడంతస్తుల స్లాబు వేద్దామని. ఆ పని చేసేముందు కాగితం, పెన్సిలు తీసుకుని ఐదు నిమిషాలు కూర్చోండి.

లెక్క కోసం అనుకుందాం. 30 లక్షలు అప్పు తెచ్చి 12 గదులు కట్టారు. నూటికి 12 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి వడ్డీయే 3,60,000. గదికి ఇద్దరు, మనిషికి నెలకు 3,000 అనుకుంటే, అన్ని గదులూ నిండితే నెలకు 72,000. కాలేజీ పిల్లలు ఎండాకాలం సెలవులకు పోతారు కనుక పది నెలలే లెక్కించాలి. అది 7,20,000. వినడానికి మంచిగనే ఉంది. కానీ సగం గదులే నిండితే? 3,60,000. అంటే వడ్డీకి సరిగ్గా సరిపోయింది. అసలు అక్కడే ఉంది, కరెంటు బిల్లు చేతి నుంచి పోయింది. పక్క సందులో ఇంకో హాస్టల్ లేస్తే మీ చేను వేలానికి వచ్చినట్లే.

అదే పాత ఇంట్లో మూడర్రలు రెండు లక్షలతో బాగుచేశారనుకోండి. ఆరుగురు ఉంటే పది నెలలకు 1,80,000. సగమే నిండినా 90,000. వడ్డీ 24,000కు మించదు. చేను చేనుగానే ఉంటుంది. మీ ఊళ్ళో అద్దె ఎంత నడుస్తోందో, మేస్త్రీ ఎంత అడుగుతున్నాడో తెలుసుకుని ఈ అంకెలు మార్చి వేసుకోండి. మొత్తం నిండితే ఎంత వస్తుందన్నది కాదు, సగం ఖాళీగా ఉంటే నిలబడతామా అన్నదే చూడాలి.

పని పైనుంచి మొదలుపెట్టాలి

చాలామంది రంగులతో మొదలుపెడతారు. కురిసే కప్పు కింద రంగు వేస్తే పైసలు గోడకు పూసినట్లే. ముందు కప్పు ఎక్కి చూడాలి. గూన పెంకయితే మృగశిర కార్తెకు ముందే పెంక దింపి, పగిలినవి తీసేసి, మళ్ళీ సదరాలి. ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు, దొరికినప్పుడే చేయించుకోండి. దూలాలు, వాసాలు చివర్లలో, గోడలో దూరిన చోట పుచ్చుతాయి. ఇనుప మేకుతో పొడిచి చూడండి. మేకు మెత్తగా దిగితే ఆ కర్ర మార్చవలసిందే. పాత టేకు దూలమైతే దిగదు. అట్లాంటి దూలం ఈనాడు కొనాలంటే తెలుస్తుంది దాని విలువ!

ఖర్చు తక్కువని పెంక తీసేసి సిమెంటు రేకులు వేస్తున్నారు. ఎండాకాలం ఆ రేకుల కింద మధ్యాహ్నం మనిషి ఉండలేడు. ఒక నెల ఉండి పిల్లలు ఖాళీ చేస్తారు. పెంకనే ఉంచి, కింద వెదురు తడక గాని, చాప గాని బిగిస్తే దుమ్ము, తేలు, జెర్రి మంచం మీద పడవు. బెంగుళూరు పెంకు ఉన్న ఇంట్లో వెలుతురు చాలకపోతే అర్రకు రెండు గాజు పెంకులు పెట్టించండి. పగటిపూట లైటు వేసే పని ఉండదు.

గోడకు సిమెంటు పూయకండి

ఈ ఒక్క విషయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఎక్కువ డబ్బు పాడయ్యేది ఇక్కడే. మన పాత గోడలు మట్టితోనో, రాయీ మట్టితోనో, డంగు సున్నంతోనో కట్టినవి. వీటికి పునాదిలో తడి ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, ఎక్కిన చెమ్మ గోడ మీదుగానే ఆరిపోతుంది. మట్టి పూత, సున్నం పూత ఆ తడిని బయటికి పోనిస్తాయి. సిమెంటు పోనివ్వదు. గట్టిగా ఉంటుందని సిమెంటు ప్లాస్టరు చేయిస్తే లోపలి తడికి దారి మూసుకుపోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు పొరలు లేస్తుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది, ప్లాస్టరు డొల్లబారుతుంది. పైకి గట్టిగా కనిపిస్తున్నా వెనక మట్టి మెత్తబడుతూ ఉంటుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి ‘ఇల్లు పాతది, పడగొట్టుడే’ అంటాడు. తప్పు ఇంటిది కాదు, పూతది.

ఇదివరకే సిమెంటు పూసి ఉంటే కింద మూడు నాలుగు అడుగుల మేర చెక్కించండి. గోడను కొన్ని వారాలు ఆరనివ్వండి. తరువాత ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుకతో పూత వేయించాలి. సున్నం కనీసం రెండు వారాలు నీళ్ళలో నానాలి. పూర్వం డంగులో ఎద్దులతో తిప్పి రుబ్బేవాళ్ళు, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవాళ్ళు. ఇప్పుడు సున్నం తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే. కానీ ఊరికొక ముసలి మేస్త్రీ ఎక్కడో ఉంటాడు, అడిగి పిలిపించండి. పడుచువాళ్ళ కన్నా రోజుకు వంద ఎక్కువిచ్చినా నష్టం లేదు. సున్నం పూత తొందరగా ఆరకూడదు, వారం రోజులు తడి చల్లుతూ ఉండాలి.

అట్లాగే ఇంటి చుట్టూ నేల గోడ వైపు కాకుండా బయటికి వాలుగా ఉందో లేదో చూడండి. చూరు నీళ్ళు గోడ మొదట్లో నిలిస్తే ఏ పూతా నిలవదు. ఒక జాన లోతు కాలువ తీసి కంకర పోస్తే సగం చెమ్మ తగ్గుతుంది. దీనికి మీ ఇంటి పారే చాలు.

గాదె ఉన్న ఇల్లయితే ఈ జాగ్రత్త తప్పదు

పట్నంలో ఇల్లు అద్దెకిచ్చేవాడికి లేని ప్రమాదం రైతు ఇంట్లో ఒకటుంది. గింజలకు పురుగు పట్టకుండా గాదెలో, సంచుల మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెడుతుంటారు. గాలిలోని తేమ తగలగానే ఈ బిళ్ళ నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. తలుపు సందుల్లోంచి, పెంక కింద ఖాళీలోంచి పక్క అర్రలోకి పోతుంది. పెంకుటిళ్ళలో అర్రల మధ్య గోడ కప్పు దాకా ఉండదు, దంతెల దగ్గరే ఆగిపోతుంది కదా! పక్కన నిద్రపోయే పిల్లల ప్రాణం పోవచ్చు. మనుషులు పడుకునే ఇంట్లో ఈ బిళ్ళలు పెట్టనే కూడదు. అద్దెకిచ్చే ఇల్లయితే గింజలు వేరే కొట్టంలోకి మార్చండి. లేదా అమ్మేదాకా గోదాములో పెట్టండి.

పురుగు మందుల సీసాలు, స్ప్రేయర్లు కూడా అంతే. అటక మీద, తలుపు వెనక ఉంచితే కుదరదు. చెద పట్టిందని పొలానికి తెచ్చిన మందు దూలాలకు కొట్టి, ఆ రాత్రే మంచాలు వేయడం మరీ ప్రమాదం. చెద పని ఇళ్ళకు చేసేవాళ్ళ చేత చేయించి, వాళ్ళు చెప్పినన్ని రోజులు అర్ర తెరిచి ఉంచండి.

బాత్రూమే అసలు పెట్టుబడి

గది చూడవచ్చిన పిల్లవాడు ముందు బాత్రూం తలుపు తీసి చూస్తాడు, తరువాతే అర్ర. మీ చేతిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టండి. పాత ఇంటి గోడలకు ఆనించి లోపల కట్టవద్దు, తడి గోడకెక్కుతుంది. పెరట్లో వేరుగా కట్టి, అర్ర నుంచి అక్కడికి చిన్న పందిరి గాని, రేకు గాని వేయండి. ముగ్గురికి ఒకటి చొప్పున ఉంటే గొడవలుండవు.

డ్రైనేజీ లైను అందే వీధి అయితే దానికే కలపండి. లేకపోతే రెండు గుంతల మరుగుదొడ్డి మంచిది. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఏడాది పైగా మూసి ఉంచితే లోపలిది వాసన లేని ఎరువవుతుంది. నమ్మకం కుదరకపోతే వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి సంగతి గుర్తు చేసుకోండి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఆ ఊళ్ళో స్వయంగా గుంతలోకి దిగి ఎరువు బయటికి తీశారు. అయితే ఇంటివాళ్ళు, అద్దెవాళ్ళు కలిసి పదిమంది దాకా అయితే చిన్న గుంతలు చాలవు. సెప్టిక్ ట్యాంకే కట్టుకోవాలి. ఏది కట్టినా బోరుకు, బావికి కనీసం 50 అడుగుల దూరం ఉండాలి.

కరెంటు పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. పాత వైర్లు మొత్తం తీసేసి, ఎర్తింగు వేసి, షాకు తగిలితే సప్లయి ఆపే ఆర్‌సీసీబీ పెట్టించాలి. అద్దె అర్రలకు వేరే సబ్‌మీటరు ఉంటే నెలాఖరున మాటామాటా రాదు. గ్యాసు గీజరును మాత్రం మూసిన బాత్రూంలో పెట్టకండి, దాని పొగ మనిషిని చంపుతుంది.

అలంకరణ మాటకొస్తే...

ఇక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చు. మెరిసే రంగులు, ప్లాస్టిక్ పూలదండలు పాత ఇంటికి అతకవు. గోడకు గంజి గాని, తుమ్మ బంక గాని కలిపిన వెల్ల, అడుగున జాజు పట్టె, గడపకు పసుపు. ఇంతకన్నా ఏం కావాలి? నేలకు తాండూరు బండ చల్లగా ఉంటుంది, కడగడం సులువు. పాత దర్వాజలకు పెయింటు మీద పెయింటు వేయడం మాని, గీకించి అవిసె నూనె పట్టిస్తే కర్ర తన రంగు తాను చూపిస్తుంది. మంచానికి పోచంపల్లి దుప్పటి, గోడకు ఒక చేర్యాల నకాషీ బొమ్మ పెడితే నిండుదనం వస్తుంది. పట్నంలో రిసార్టులవాళ్ళు బండి చక్రాలు కొనుక్కుపోయి గోడలకు వేలాడదీస్తున్నారు. మన కొట్టంలో ఉన్నదాన్ని మనం కట్టెలకు కొట్టేస్తున్నాం!

ఎవరికివ్వాలి?

మనవైపు నిలకడగా ఉండేది కాలేజీ పిల్లలు, ఉద్యోగులే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఏటా జూన్, డిసెంబరు నెలల్లో జరిగే పరేడ్‌కు దూర రాష్ట్రాల నుంచి తల్లిదండ్రులు వస్తారు. ఒక అర్ర ఖాళీ ఉంటే నాలుగు రోజులకు ఇవ్వండి, కానీ దాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టవద్దు. శామీర్‌పేట, తుర్కపల్లి వైపు రైతులకు జీనోమ్ వ్యాలీ ఉద్యోగులు, బిట్స్, నల్సార్ విద్యార్థులు ఉన్నారు. యాత్రికులకు ఇవ్వాలనుకునేవాళ్ళకు కేంద్ర పర్యాటక శాఖ ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ పథకం ఉంది. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, ఒకటి నుంచి ఆరు గదుల వరకే ఇవ్వాలి.

భోజనం పెట్టాలా వద్దా అన్నది ఇంటి ఆడవాళ్ళను అడిగి నిర్ణయించండి. వండేది వాళ్ళే, అర్ర ఊడ్చేది వాళ్ళే. అద్దె డబ్బు చేతికి తీసుకునేది మాత్రం మనం! కనీసం భోజనం పైసలు వాళ్ళ ఖాతాలో వేయండి. వంట వద్దనుకుంటే పొద్దున పాలు, పెరటి కూరగాయలు అమ్మినా లాభమే. బయటివాళ్ళకు రోజూ వండి పెడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

కాగితాల విషయంలో బద్ధకించవద్దు. గ్రామకంఠంలో ఉన్న ఇంటికి పన్ను రశీదులన్నీ ఒకచోట పెట్టుకోండి. పదకొండు నెలల ఒప్పందం రాసుకోండి. ప్రతి మనిషి ఆధార్ కాపీ, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు తీసుకుని పోలీస్ స్టేషన్లో చెప్పండి. అద్దెకిచ్చాక కరెంటు మీటరు ఏ కేటగిరీలోకి వస్తుందో కరెంటు ఆఫీసులో ముందే అడగండి. జీఎస్టీ అంటూ ఎవరైనా భయపెడితే ఇది చెప్పండి: 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం ప్రకారం మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు, కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి ఆ పన్ను లేదు. ముందు ముందు పైన మేడ వేసే ఆలోచన ఉంటే, విమానాలు దిగే చోటు పక్కన ఇళ్ళ ఎత్తుకు హద్దులుంటాయి కనుక పునాది తీయకముందే అనుమతి సంగతి చూసుకోండి.

కొత్త పిల్లలు వానాకాలం మొదట్లో గదుల వేటలో పడతారు. కాబట్టి ఉగాది కాగానే కప్పు దింపి, మే నెలాఖరుకు పూతలు ముగించి, జూన్‌లో బండలు, బాత్రూం, కరెంటు పూర్తి చేసుకుంటే సమయానికి అందుతుంది. అద్దెకివ్వకముందు ఒక వాన రాత్రి మీరూ మీ ఇంటావిడా ఆ అర్రలో పడుకోండి. ఎక్కడ కురుస్తుందో, దోమ ఏ సందులోంచి వస్తుందో, అర్ధరాత్రి బాత్రూంకు పోయే దారిలో ఎక్కడ కాలు జారుతుందో ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. పొద్దున్నే మేస్త్రీని పిలిపించండి.