రెండు సంతకాలు

పిల్లలూ! నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో చేసిన ఒక తప్పు సంగతి ముందుగా మీకు చెబుతాను.

ఒకరు మార్కుల పట్టీ రాస్తే, మరొకరు సరిచూసి సంతకం చేయటం మా బడిలో పద్ధతి. ఒక ఏడు ఫలితాలు ప్రకటించే నాటికి పని ఆలస్యమయింది. "ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే!" అనుకుని పట్టీ నేనే రాసి, నేనే రెండుసార్లు సరిచూసి, బోర్డు మీద పెట్టించాను. అందులో ఒక కుర్రవాడికి లెక్కల్లో 62కు బదులు 26 పడింది. పాపం, వాడు పరీక్ష తప్పాననుకుని ఆ రాత్రి అన్నం కూడా తినలేదట. మర్నాడు వాడి తండ్రి వచ్చి అడిగేదాకా నా పొరపాటు నాకు తెలియలేదు. ఎవరు రాసిన తప్పు వారి కంటికి ఆనదు మరి!

ఆ రోజే బంట్రోతును పిలిచి, "రెండు సంతకాలు లేని పట్టీని బోర్డు మీద అంటించకు. నేను చెప్పినా సరే, అంటించకు," అన్నాను.

ఈ సంగతి మొన్న వేసవి సెలవుల్లో మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు ఒక బడి కోసం మార్కుల పట్టీలు తయారుచేసే ప్రోగ్రామును రాస్తున్నది. రాస్తున్నది అనటం కన్నా, ఏజెంట్ల చేత రాయిస్తున్నది అనటం సబబు.

ఏజెంటు అంటే మనిషి కాదు. కృత్రిమ మేధతో పనిచేసే ప్రోగ్రాము. మామూలు మాటల్లో పని చెబితే అది ఫైళ్ళు చదువుతుంది, కోడు రాస్తుంది, రాసినదాన్ని నడిపి చూస్తుంది. ఇల్లు కట్టేచోట తాపీమేస్త్రీ, వడ్రంగి వేరు వేరుగా ఉన్నట్టే, ఒక్కొక్క ఏజెంటుకు ఒక్కొక్క పని అప్పగించవచ్చు. ఒకటి పథకం వేస్తుంది, ఒకటి కోడు రాస్తుంది, ఒకటి తప్పులు వెతుకుతుంది.

ప్రోగ్రాము సరిగా ఉన్నదో లేదో చూడటానికి టెస్టులు ఉంటాయి. మా మనవరాలు పెట్టిన టెస్టు ఒకటి చెబుతాను వినండి. ఒక పిల్లవాడు మూడు పరీక్షలు రాసి 60, 70, 80 తెచ్చుకున్నాడు. నాలుగోదానికి జ్వరం వచ్చి రాలేదు. రాసిన పరీక్షల సరాసరే లెక్క అని ఆ బడి నియమం. కనుక జవాబు 70 రావాలి. ప్రోగ్రాము మాత్రం నాలుగోదానికి సున్న వేసి, 52.5 అన్నది. "టెస్టు నెగ్గేలా చూడు," అని ఆమె ఏజెంటుకు చెప్పింది. కొంతసేపటికి, "టెస్టులన్నీ నెగ్గాయి," అని జవాబు వచ్చింది. ఫైలు తెరిచి చూస్తే ఏమున్నది? టెస్టులో 70 ఉన్నచోట 52.5 అని ఉన్నది!

"టెస్టులు మార్చవద్దని ముందే చెప్పాను, తాతయ్యా!" అన్నది ఆమె.

"చెప్పటం వేరు, తాళం వేయటం వేరమ్మా. నెగ్గమన్నావు గనక అది దగ్గర దారి చూసుకున్నది. జవాబు రాసే కలమూ, దిద్దే కలమూ రెండూ దాని చేతికే ఇచ్చావు," అని నా బంట్రోతు కథ చెప్పాను.

మర్నాడు ఆమె కొన్ని కట్టుబాట్లు చేసింది. మొదట పథకం తయారు కావాలి. ఆమె చదివి సరేననేదాకా కోడు మొదలు కాకూడదు. టెస్టులు ముందే సిద్ధంగా ఉండాలి. కోడు రాసే ఏజెంటు వాటిని చదవవచ్చునే గాని, మార్చే వీలు లేదు. తప్పులు వెతికే ఏజెంటు తప్పులు చెప్పాలేగాని, కోడు ముట్టుకోరాదు. పని చిన్న చిన్న ముక్కలుగా సాగాలి.

ప్రతి ముక్కా గిట్ అనే పద్దులోకి ఎక్కాలి. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో రాసి ఉంచే ఈ సాధనాన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేశాడు. దాని గుమ్మం దగ్గర ఒక చిన్న ప్రోగ్రామును కాపలా పెట్టవచ్చు. అది టెస్టులన్నీ నడిపి, ఒక్కటి తప్పినా కోడును లోపలికి రానివ్వదు. అచ్చం మా బంట్రోతే! ఆ కాపలాదారును మార్చే అధికారం కూడా ఏజెంటుకు ఉండకూడదు సుమా!

పని బాగా తెలిసినవాళ్ళకు ఇన్ని కట్టుబాట్లు ఎందుకంటారా? అమెరికా వారి నాసా సంస్థ 1998 డిసెంబరులో అంగారక గ్రహానికి ఒక నౌకను పంపింది. పేరు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. దాని రాకెట్ల తోపును ఒక జట్టువారి ప్రోగ్రాము పౌండ్లలో లెక్కకట్టింది. రెండో జట్టువారు ఆ అంకెలను న్యూటన్లనుకున్నారు. ఒక పౌండు తోపు సుమారు 4.45 న్యూటన్లకు సమానం. రెండు జట్లలోనూ ఉన్నవారు నిపుణులే. పని చేతులు మారేచోట సరిచూసినవారు లేకపోయారు. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక గ్రహానికి మరీ దగ్గరగా పోయి, మనకు దక్కకుండా పోయింది.

మా మనవరాలి పని మొదటి రోజు నెమ్మదిగా సాగింది. కాపలాదారు మూడుసార్లు కోడును వెనక్కు పంపాడు. నాలుగోసారికి ఖాళీగా ఉన్న గడిని సున్నగా చదువుతున్న అసలు తప్పు బయటపడింది. జ్వరం వచ్చిన పిల్లవాడికి 70 వచ్చింది. ఆమె అంతా చదివి చూసి, చివరి సంతకం తాను చేసింది.

ఏజెంట్లు ఎన్ని ఉన్నా ఆ చివరి సంతకం మనిషిదే. పట్టీ తప్పయితే అన్నం మానేది యంత్రం కాదు గదా!

పిల్లలూ, మీరూ ఒక పని చేసి చూడండి. రేపు మీరు చేసిన లెక్కను మీ పక్కవాడికిచ్చి సరిచూడమనండి. వాడి లెక్క మీరు చూడండి. అయితే, ఎవరి తప్పు వారే దిద్దుకోవాలి!