మాగ్నాకార్టాను బ్రతికించిన పన్ను

1215వ సంవత్సరము జూను 15వ తేదీన థేమ్సునది యొడ్డున రన్నీమీడు పచ్చికబయలునందు జానురాజు తన ప్రభువుల కోర్కెలకు తలయొగ్గెననియు, నాటినుండి ఇంగ్లీషువారు స్వతంత్రులైరనియు పాఠశాలలయందు చెప్పుదురు. ఈ కథ సగమే నిజము. పది వారములు తిరిగినంతనే, ఆగస్టు 24వ తేదీన, మూడవ ఇన్నొసెంటు పోపు ఆ పత్రమును రద్దు గావించెను. దేశము అంతఃకలహమున మునిగెను. అట్లు చచ్చిన పత్రము మరల లేచి నిలుచుట యెట్లు?

1204లో ఫ్రెంచిరాజు నార్మండీని హరించినది మొదలు, దానిని తిరిగి గెలువవలెనను పట్టుదలతో జాను సొమ్ముకొఱకు చేయని పని లేదు. యుద్ధమునకు పోవుటకు మారుగా భూస్వామి చెల్లించు రొక్కమునకు డాలుపన్నని పేరు. పదునాఱేండ్లలో ఆతడు దానిని 11 మారులు విధించెను. వారసుడు భూమిని పొందుటకై రాజునకు చెల్లించు నజరానాకు మేర లేకపోయెను. 1205లో నికొలాసు డి స్టూట్‌విల్ అను ప్రభువుపై 10,000 మార్కులు, అనగా 6,600 పౌనులకు పైగా, మోపబడెను. మాగ్నాకార్టా రెండవ నిబంధన ఒక ప్రభువు సంస్థానమునకు ఈ రుసుమును 100 పౌనులుగా నిర్ణయించినది. దీనినిబట్టి నాటి దోపిడి యెంతటిదో భూవసతి గలవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. ఒకప్పుడు రాజునకు ప్రాణమిత్రుడైన విలియం డి బ్రియోజు బాకీ తీర్చలేదను నెపమున వేటాడబడెను. ఆతని భార్యయు కొమారుడును 1210లో చెఱసాలయందు అన్నము లేక మరణించిరి.

ఇంతజేసి కూడబెట్టిన ధనము 1214లో బూవీను యుద్ధముతో మంటగలిసెను. మరుసటి మే నెలలో లండను నగరము తిరుగుబాటుదారులకు ద్వారములు తెఱచెను. అయినను ఈ ప్రభువులు ప్రజాబంధువులని భ్రమపడరాదు. పత్రము స్వతంత్రుని గూర్చి పలికినది. దున్నువారిలో పెక్కుమంది ఆనాడు స్వతంత్రులు కారు. రాజు మాట తప్పినచో ఆతని కోటలను, భూములను పట్టుకొను నధికారము 25 మంది ప్రభువుల కొసగిన నిబంధనను మాత్రము ఏ రాజును సహింపజాలడు.

1216 అక్టోబరులో జాను మరణించెను. తొమ్మిదేండ్ల మూడవ హెన్రీకి సంరక్షకుడైన విలియం మార్షలు, తిరుగుబాటుదారులను మరల్చుకొనుటకై నవంబరులోనే పత్రమును తిరిగి ప్రకటించెను. 25 మంది నిబంధనయు, సభాసమ్మతి లేక డాలుపన్ను వేయరాదను నిబంధనయు అందు తొలగింపబడెను. అసలు మలుపు 1225లో వచ్చినది. ఫ్రెంచివారు అంతకుముందటి యేడు పొయితూను ఆక్రమింపగా, గాస్కనీని నిలుపుకొనుటకు ధనము కావలసెను. ప్రజలు తమ చరాస్తిలో 15వ వంతు నిచ్చిరి. రాజు పత్రము నిచ్చెను. ఈ మార్పిడి ఆ పత్రమునందే వ్రాయబడియున్నది. వసూలైనది సుమారు 40,000 పౌనులు. కత్తికి జడిసి చేసిన వాగ్దానము చెల్లదని పోపుతో చెప్పుకొనవచ్చును. వెల పుచ్చుకొని అమ్మినదానిని తనదే యని చెప్పుట కష్టము. రన్నీమీడు కంటె ఈ బేరమే పత్రమునకు ప్రాణము పోసినదని మా యభిప్రాయము. 1265లో పట్టణ ప్రతినిధులను సైతము సభకు రప్పించిన సైమను డి మాన్‌ఫర్టు ఆ యేడే ఈవ్‌షాము రణమున గూలెను; ఖడ్గబలమున రాజును బంధించిన విజయము పదునైదు నెలలైన నిలువలేదు.

మొదటి ఎడ్వర్డు ఇట్టి దుర్బలుడు కాడు. 1297లో గాస్కనీకి సేన నడుపుమని ఆతడు నార్ఫకు ప్రభువును ఆజ్ఞాపించి, పోనిచో ఉరి తప్పదని బెదరించెననియు, తాను పోవుటయు లేదు, ఉరికెక్కుటయు లేదని ఆ ప్రభువు బదులు చెప్పెననియు నాటి చరిత్రకారులు వ్రాసిరి. ఆగస్టులో ఆతడును హియర్‌ఫర్డు ప్రభువును ఖజానా కచేరికి వచ్చి, సమ్మతి లేని 8వ వంతు పన్నును వసూలు చేయరాదని అడ్డగించిరి. రాజు లక్ష్యపెట్టక ఫ్లాండర్సుకు ఓడ నెక్కెను. సెప్టెంబరు 11న స్టెర్లింగు వంతెనకడ స్కాట్లాండువారు ఇంగ్లీషు సేనను చీల్చివైచిరి. ఇక ధనము లేక గడువదు. లండనులో మంత్రులు పత్రమును ధ్రువపఱచి, ఇట్టి పన్నులు సర్వసమ్మతి లేక విధింపరాదని చేర్చిరి. నవంబరు 5వ తేదీన ఘెంటు నగరమున ఎడ్వర్డు దానిపై తన ముద్ర వేయించెను. అందుకు ప్రతిఫలముగా ఆతనికి దొరకినది చరాస్తిలో 9వ వంతు.