కండరముల బిగువు – గోల్ఫ్ విసురు

శంషాబాదు పరిసరములు రాతినేలలు. 2008వ సంవత్సరము మార్చిలో అచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. ఆ చుట్టుప్రక్కల గుట్టలు, బండరాళ్లు నేటికిని కనబడును. ఇట్టి బండలను సమ్మెటతో పగులగొట్టుట తెలంగాణములో తరతరములుగా వచ్చిన పని. ఆ పనిలో చేయి తిరిగినవానిని, క్రొత్తగా సమ్మెట పట్టినవానిని ప్రక్కప్రక్కన చూచిన ఒక వింత తోచును. క్రొత్తవాడు పండ్లు బిగించి, పిడిని నలిపివేయునట్లు పట్టి, త్వరలోనే అలసిపోవును. అనుభవము గలవాడు తేలికగా విసరును. దెబ్బ మాత్రము బలముగా పడును.

శంషాబాదుకు ఉత్తరమున, గోల్కొండ కోటలోని నయా ఖిలా ప్రాంతమున గోల్ఫ్ మైదానము కలదు. అచ్చట కర్ర పట్టిన ఆటగానికిని ఇదే సూత్రము వర్తించును. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. కర్రకును బంతికిని స్పర్శ నిలుచు కాలము సెకనులో సుమారు 2,000వ వంతు మాత్రమే. ఆ స్వల్పకాలములో చేతిని ఎంత బిగించినను బంతికి అదనముగా చేరునది దాదాపు ఏమియు లేదు. బంతి ఎంత దూరము పోవునన్నది ముఖ్యముగా తాకు సమయమున కర్ర తలకు గల వేగముపై ఆధారపడును.

మరి బిగువు వేగమును ఏల తగ్గించును? కండరము లాగగలదే గాని నెట్టలేదు. కావున కీళ్ల వద్ద కండరములు జంటలుగా పనిచేయును. మోచేతిని వంచునది ద్విశిర కండరము; చాచునది త్రిశిర కండరము. ఒకటి ముడుచుకొనునపుడు రెండవది సడలవలెను. నాడీమండలమే ఈ ఏర్పాటు చేయునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ నిరూపించెను. నాడీకణములపై జరిపిన పరిశోధనలకు ఆయనకు 1932లో ఏడ్రియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించినది. భయము వలనగాని, అతిప్రయత్నము వలనగాని రెండు కండరములును ఒకేసారి బిగిసినచో ఒకదాని శ్రమను మరొకటి హరించును. రెండెద్దులను బండికి ముందొకటి, వెనుకొకటి కట్టి తోలినట్లగును.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. విద్యార్థి చేతిని గట్టిగా బిగించి, పది సెకనులలో మోచేతిని ఎన్నిసార్లు వంచి చాపగలడో లెక్కింపవలెను. కొంత విశ్రాంతి తరువాత చేతిని వదులుగా ఉంచి మరల లెక్కింపవలెను. రెండు లెక్కలకు గల భేదమే ఈ పాఠము.

గోల్ఫ్ విసురులో కాళ్లు, నడుము, భుజములు, చేతులు, మణికట్టు వరుసగా కదలి, వేగమును కర్ర తలకు అందించును. మణికట్టు చివర విచ్చుకొనుటచే కర్ర తల చేతులకంటె ఎన్నోరెట్లు వేగముగా తిరుగును. ముంజేతి కండరములు బిగిసినచో మణికట్టు తుప్పు పట్టిన తలుపుబందు వలె ఆగిపోవును. పైగా కర్ర క్రిందికి దిగుటకు పట్టు కాలము సుమారు పావు సెకను మాత్రమే. నడుమ దిద్దుకొనుటకు వ్యవధి చాలదు. సడలింపు ముందుగనే సిద్ధము కావలెను.

అందుకు ఉపాయములు సులభమైనవి. కర్రను ఒక్కసారి గట్టిగా నొక్కి, జారిపోనంత పట్టు మిగులువరకు వదలవలెను. భుజములు దించి, నెమ్మదిగా శ్వాస విడువవలెను. అయితే సడలింపు అనగా మెత్తబడుట గాదు. కాళ్లు, నడుము నిలకడగా నుండవలెను. ఆ పనికి అవసరము లేని బిగువునే వదలవలెను.

క్రొత్తవాడు బిగిసికొనుట దోషము కాదు. సోవియట్ శాస్త్రజ్ఞుడు బెర్న్‌స్టయిన్ 1920 ప్రాంతపు దశాబ్దములో మాస్కోలో, సుత్తి కొట్టు పనివారి కీళ్లకు చిన్న దీపములు కట్టి, వారి కదలికలను ఛాయాచిత్రములుగా తీసెను. నేర్చుకొనువాడు అన్ని కీళ్లను ఒకేసారి అదుపు చేయలేక మొదట కొన్నిటిని బిగించుననియు, అభ్యాసముతో వాటిని క్రమముగా వదలుననియు ఆయన వివరించెను. కావున బిగిసికొన్న విద్యార్థిని “ఇంకను బలము పెట్టుము” అని గద్దించుట వలన అతని బిగువే హెచ్చును. సమ్మెటగాని, బంతిగాని, కలముగాని, అతనికి కావలసినది నెమ్మదిగా, పదేపదే చేయు అభ్యాసము.