నాయకుడి కథ... చెప్పేదెవరు?

ట్రాలీలో 1916 ప్రస్తావన వస్తే ముందుగా బన్నా తీరం పేరు వినిపిస్తుంది. ఊరికి దగ్గర్లోని ఆ ఇసుక తీరంలో జర్మన్ జలాంతర్గామి నుంచి దిగిన రోజర్ కేస్‌మెంట్ అక్కడికి సమీపంలోనే పట్టుబడ్డారు. అదే ఏడాది డబ్లిన్‌లో లా చదువుతున్న ఓ తెలుగు యువకుడు ఐర్లాండ్ విడిచి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరే ఆయన.

ఆ రోజుల గురించి గిరి 1976లో వచ్చిన ఆత్మకథ ‘మై లైఫ్ అండ్ టైమ్స్’లో చెప్పుకొన్నారు. అప్పటికి 60 ఏళ్లు గడిచాయి. 2016లో డబ్లిన్ చరిత్రకారుడు కోనర్ ముల్వా గిరిపైనా, ఆయన తోటి భారతీయ విద్యార్థులపైనా పుస్తకం తెచ్చారు. ఒకటి అనుభవించిన మనిషి జ్ఞాపకం, మరొకటి వందేళ్ల తర్వాతి పరిశోధన. మొదటిదానిలో ఉండే ఆవేశం రెండోదానిలో ఉండదు. రెండోదానికి ఉండే దూరం మొదటిదానికి దొరకదు.

రాజకీయ జీవిత కథలు మారిన తీరూ ఇదే. టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’, పుచ్చలపల్లి సుందరయ్య ‘విప్లవ పథంలో నా పయనం’ నాయకులు తామే చెప్పుకొన్న కథలు. పి.వి.నరసింహారావు 1998లో ‘ది ఇన్‌సైడర్’ను నవలగా మలిచారు. అదే ఏడాది ఇక్కడ, ఐర్లాండ్ ఉప ప్రధానిగా పనిచేసిన ట్రాలీ నేత డిక్ స్ప్రింగ్ సలహాదారు ఫెర్గస్ ఫిన్లే తన జ్ఞాపకాలు ప్రచురించారు. 2014లో సంజయ బారు మన్మోహన్ సింగ్ గురించి రాశారు. 2016లో వినయ్ సీతాపతి పి.వి. సొంత కాగితాలు పరిశీలించి ఆయన జీవిత చరిత్ర రాశారు. కలం నాయకుడి చేతి నుంచి పక్కనున్నవారికి, ఆపైన పరిశోధకులకు చేరింది. పక్కనున్నవారికీ తమ ఇష్టాయిష్టాలు ఉంటాయి కాబట్టి వారి మాటనూ తూచి చదవాల్సిందే.

ఇది మనకెందుకంటే, ఇక్కడ పెరిగే పిల్లలకు మన రాజకీయాలు తెలిసేది ఎక్కువగా వాట్సాప్ వీడియోలతోనో, 2019లో ఎన్టీఆర్, వైఎస్సార్‌లపై వచ్చినలాంటి సినిమాలతోనో. అవి అభిమానం పెంచుతాయి, అనుమానం మాత్రం నేర్పవు. పండగ భోజనాల దగ్గర పార్టీ పేరెత్తితే మన పెద్దల్లోనూ వాదనే తప్ప వినడం తక్కువ.

అందుకే ఒక నాయకుడి గురించి కనీసం రెండు పుస్తకాలు చదివిద్దాం. ఒకటి ఆయన రాసుకున్నది, రెండోది ఇతరులు రాసింది. రెండూ ఎక్కడ కలవలేదో పిల్లల్నే వెతకమందాం. అక్కడే వాళ్లకు అసలు ప్రశ్నలు పుడతాయి.