ఆయుర్వేదవిద్య నభ్యసింపగోరువారికి

మా పాఠశాలలో చదివి, యిప్పుడు హైటెక్ సిటీలో నొక కంప్యూటరు కార్యాలయమున నుద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు ఇటీవల మమ్ము చూడవచ్చి యొక ప్రమాణపత్రమును చూపెను. ఆదివారములయందు ఆయుర్వేదమును బోధించు నొక సంస్థకు రుసుము చెల్లించి యాతడు దానిని సంపాదించెను. దాని బలమున వైద్యశాల తెరువవచ్చునాయని యాతని ప్రశ్న. తెరువరాదని చెప్పుట మాకు కష్టమే యయ్యెను. పదవతరగతి ముగింపనున్న మన విద్యార్థుల కట్టి నష్టము కలుగకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆయుర్వేద వైద్యుడగుటకు బి.ఎ.ఎం.ఎస్. పట్టమును పొంది, రాష్ట్రపు వైద్యుల పట్టికలో పేరు నమోదు చేయించుకొనవలెను. చదువు అయిదున్నర సంవత్సరములు: పదునెనిమిదేసి నెలల భాగములు మూడు, పిమ్మట నొక సంవత్సరము రోగుల చెంత శిక్షణము. 1970 నాటి చట్టమునకు బదులుగా 2020లో వచ్చిన చట్టముచే నేర్పడిన జాతీయ కమిషను ఈ విద్యకు నిబంధనలు చేయుచు, కళాశాలల కనుమతి నొసగుచున్నది. దూరవిద్య వలన ఈ పట్టము లభింపదు.

కొందరు తలంచునట్లు ఇది ఆకులలములు నూరుట మాత్రమే కాదు. మొదటి భాగముననే సంస్కృతమును, చరకవాగ్భటుల గ్రంథభాగములును, శరీరనిర్మాణమును చదువవలెను. శవపరీక్షయు గలదు. దీనికి వెరగందనక్కరలేదు. శవమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, ఏడు రాత్రులు ప్రవాహమున నాననిచ్చి, పిదప కుంచెతో మెల్లగా రుద్దుచు పొరపొరయు కన్నులార చూడవలెనని సుశ్రుతుడే విధించెను. 1880లో జన్మించిన మన ఆచంట లక్ష్మీపతిగారు చెన్నపట్టణమున పాశ్చాత్యవైద్యమున పట్టము పొందియు, పండిత గోపాలాచార్యులవారి కడ శిష్యులై ఆయుర్వేదము నేర్చిరి. అట్టివారికే గురుశుశ్రూష తప్పలేదు!

ప్రవేశమునకు ఇంటర్మీడియెట్టులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి, సామాన్యవర్గమువారు నూటికి 50 పాళ్లు పొందవలెను. పిదప నీట్ పరీక్ష. తెలంగాణమున సీట్ల పంపకము వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిశ్వవిద్యాలయముది. మన ప్రాంతమున, చుట్టును సాఫ్టువేరు సౌధములే యగుటచే గాబోలు, బాలురందరును ఆలోచింపకయే ఎం.పి.సి. పట్టుచున్నారు. పదునైదేండ్ల ప్రాయమున వేసిన యా యొక్క గురుతు ఈ ద్వారమును మూసివేయును.

కళాశాల చూడగోరువారు హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో యెక్కి, అమీరుపేటలో మియాపురము బండికి మారి, ఎఱ్ఱగడ్డ చేరవచ్చును. బూర్గుల రామకృష్ణారావుగారి పేరిటి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆ ప్రాంతముననే యున్నది. చార్మినారు కడనున్న నిజామియా వైద్యాలయము యూనానీది. రెంటిని కలిపి పొరబడువారు పలువురు. వరంగల్లులో అనంతలక్ష్మి కళాశాలయు, విజయవాడలో నోరి రామశాస్త్రిగారి పేరిటిదియు, తిరుపతిలో దేవస్థానమువారిదియు గలవు. ఇతర కళాశాలలలో చేరదలచినచో, ఆ విద్యాసంవత్సరమునకు కమిషను అనుమతి కలదో లేదో కమిషనువారి పట్టికలోనే చూడవలెను. కళాశాలవారి మాట చాలదు.

స్వల్పకాలపు పాఠములన్నియు మోసములని మా భావము గాదు. దినచర్య, పథ్యము, ఓషధుల పెంపకము నేర్చుకొనుట మేలే. పంచకర్మలయందు సహాయకులగుటకు వేరే శిక్షణము గలదు. అయితే, వానిని ముగించినవారు రోగికి మందు వ్రాయరాదు. పట్టభద్రులైన వైద్యులకు మాత్రము, 1988లో నెలకొల్పబడిన ఢిల్లీలోని రాష్ట్రీయ ఆయుర్వేద విద్యాపీఠమువారు గురుశిష్యపద్ధతిని ఏడాది శిక్షణము నొసగుచున్నారు.

ఆ పూర్వవిద్యార్థి విషయము చెప్పవలసియున్నది. నీట్ పరీక్షకు పై వయోమితి 2022లో తొలగింపబడినది గావున వయస్సు అడ్డుగాదు. కాని యాతడు ఎం.పి.సి. చదివినవాడు, జీవశాస్త్రమును ఇంటరు మెట్టున క్రొత్తగా చదువవలెను, ఆపై ఉద్యోగము మానవలెను. ఇంటివారితో నాలోచించి చెప్పెదనని వెళ్లినాడు. వెళ్లుచు మా గ్రంథాలయమునుండి జీవశాస్త్ర పాఠ్యపుస్తకము నొకదానిని తీసికొనిపోయినాడు.