మగపిల్లలు దెబ్బలను ఎందుకు దాస్తారు?



మన ఇళ్లలో మగపిల్లవాడు కింద పడితే ముందుగా వినబడే మాట "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అన్నదే. అప్పటికి వాడికి మూడేళ్లో నాలుగేళ్లో ఉంటాయి. మోకాలు గీరుకుపోయి మంట పుడుతూ ఉంటుంది. ఆ మాట మనం ప్రేమతోనే అంటాము, వాడికి ధైర్యం రావాలనే అంటాము. కానీ అదే ఇంట్లో ఇంకొక మాట కూడా వినబడుతుంది. "మళ్లీ దెబ్బ తగిలించుకొని వచ్చావా? మీ నాన్నను రానీ, నీ పని చెబుతాను." ఈ రెండు మాటలూ కలిపి పిల్లవాడు నేర్చుకునే పాఠం ఒక్కటే. నొప్పి వస్తే చెప్పకూడదు. చెబితే నవ్వుతారు, లేదా కొడతారు.

మగపిల్లలు ఆసుపత్రికి ఆలస్యంగా రావడానికి డబ్బు లేకపోవడం, బండి దొరకకపోవడం మాత్రమే కారణాలు కావు. వాడు ఇంట్లో చెప్పకపోవడం కూడా పెద్ద కారణమే. పిల్లల వార్డులో పనిచేసే ఏ నర్సును అడిగినా ఈ సంగతి చెబుతుంది. "ఎప్పుడు తగిలింది నాన్నా?" అని అడిగితే ముందు తల్లి ముఖం చూస్తాడు. తల్లి మందుల చీటీ పట్టుకొని బయటకు వెళ్లాక, "మొన్ననే సిస్టరమ్మా, చెబితే నాన్న కొడతాడని చెప్పలేదు" అని గొంతు తగ్గించి చెబుతాడు. మోకాలి దెబ్బకు రెండు రోజులు ఆలస్యమైతే మహా అయితే చీము పడుతుంది. కొన్నింటికి మాత్రం రెండు గంటలు కూడా ఎక్కువే. వాటిని గురించే ఈ నెల వ్రాస్తున్నాను.

కుక్క కాటు, కుక్క గోరు

వీధి కుక్క మీద రాయి విసిరినందుకు అది కరిచిందనుకోండి, పిల్లవాడు ఇంట్లో చెప్పడు. రాయి ఎందుకు వేశావని తిడతారని వాడి భయం. పెంచుకునే కుక్కపిల్ల గోరు గీరితే అసలు దానిని దెబ్బగానే లెక్కించడు. నిక్కరు కింద దాగిపోయే గాటు అమ్మకు కనబడదు. రేబిస్ లక్షణాలు సాధారణంగా కొన్ని వారాల నుండి కొన్ని నెలల తరువాత బయటపడతాయి. బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. రేబిస్‌తో చనిపోయేవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే వెంటనే చెబితే ఇది పూర్తిగా ఆపగలిగిన జబ్బు.

గాయాన్ని కుళాయి కింద ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకొని రండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇంకొక మందు కూడా వేయవలసి ఉంటుంది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని పెద్దవాళ్లు చెప్పే టీకా పాతది. దాని తయారీని మన దేశంలో 2004 చివరలోనే ఆపేశారు. ఇప్పటి టీకాను చేతికి, చిన్నపిల్లలకు తొడకు వేస్తారు. నాలుగైదు సార్లు రావాలి, అంతే. చీటీ మీద వ్రాసిన తేదీలలో ఒక్కటి కూడా తప్పిపోకూడదు.

ఇక్కడ నర్సులందరి తరఫున ఒక విన్నపం. "అల్లరి చేస్తే సిస్టరమ్మతో సూది వేయిస్తాను" అని పిల్లలను బెదిరించకండి. సూదిని శిక్షగా చూపిస్తే, కుక్క కరిచిన రోజున వాడు ముందుగా దాచేది ఆ కాటునే.

మింగేసిన వస్తువు

రిమోట్లలో, గడియారాలలో, లైటు వెలిగే బొమ్మలలో గుండీ ఆకారంలో చిన్న బ్యాటరీలు ఉంటాయి. బొమ్మను విప్పి చూడడం మగపిల్లలకు సరదా. విప్పినవాడు బ్యాటరీని నోట్లో పెట్టుకోవచ్చు, పక్కనున్న తమ్ముడి నోట్లో పెట్టవచ్చు. బొమ్మ పాడుచేశాడని కొడతారన్న భయంతో అన్న నోరు విప్పడు. ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చివేస్తుంది. అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకండి, అరటిపండు, అన్నం ముద్ద పెట్టి కిందికి దించాలని చూడకండి. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే బయలుదేరండి. అలాంటి ఇంకొక బ్యాటరీ గాని, ఆ బొమ్మ గాని ఉంటే చేతిలో పట్టుకొని రండి.

కాలువ, చెరువు

ఎండాకాలం సెలవులు రాగానే మగపిల్లలు గుంపుగా కాలువకు, చెరువుకు, క్వారీ గుంతల దగ్గరకు పోతారు. ఇంట్లో చెప్పరు. చెబితే పోనివ్వరని వాళ్లకు తెలుసు. నీట మునిగి చనిపోయేవారిలో మగవారు ఆడవారికంటే సుమారు రెండింతలు ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒకడు మునిగితే మిగిలినవారు భయపడి పారిపోయి, బట్టలు ఆరేదాకా ఎక్కడో కూర్చుని, ఇంటికి వచ్చి కూడా నోరు విప్పకపోవడం మన ఊళ్లలో విన్నదే. వాళ్లు చెడ్డ పిల్లలు కారు. దెబ్బల భయం స్నేహితుడి ప్రాణం కంటే పెద్దదిగా కనబడింది, అంతే.

మీ పిల్లలకు ఒక్క విషయం ఇప్పుడే చెప్పండి. "నీళ్ల దగ్గర ఏమి జరిగినా కేకలు వేసి పెద్దవాళ్లను పిలువు. ఎందుకు వెళ్లావని ఆ రోజు నిన్ను ఎవరూ అడగరు." మునుగుతున్నవాడి కోసం తాను దూకకూడదని, తాడు, పొడుగు కర్ర, చీర, మూత బిగించిన ఖాళీ డబ్బా ఏదైనా అందించాలని కూడా నేర్పండి. బయటకు తీసిన పిల్లవాడిని తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ 108 కి ఫోన్ చేయించండి.

చెప్పడానికి సిగ్గుపడే నొప్పి

కొన్నిసార్లు మగపిల్లవాడి బీజం ఉన్నట్టుండి లోపల మెలితిరుగుతుంది. ఏ వయసులోనైనా రావచ్చు గాని పన్నెండేళ్లు దాటినవారిలో ఎక్కువ. విపరీతమైన నొప్పి, వాంతులు, ఒక వైపు వాపు ఉంటాయి. పిల్లవాడు సిగ్గుపడి "కడుపు నొప్పి" అంటాడు. ఇంట్లో వాము నీళ్లు పట్టి పడుకోబెడతారు. మెలితిరిగిన చోటికి రక్తం అందదు కాబట్టి ఆరు గంటల లోపల ఆపరేషన్ జరిగితేనే ఆ బీజం దక్కే అవకాశం ఎక్కువ. తెల్లవారేదాకా ఆగితే సమయం దాటిపోతుంది. కాబట్టి మగపిల్లవాడు గట్టిగా కడుపునొప్పి అన్నప్పుడు, "కింద కూడా నొప్పిగా ఉందా నాన్నా?" అని మామూలుగా అడగండి. తల్లితో చెప్పడానికి సిగ్గుపడితే తండ్రి గాని, తాతయ్య గాని అడగాలి.

పక్క తడపడం కూడా సిగ్గు విషయమే. అయిదేళ్ల లోపు దానిని జబ్బుగా లెక్కించము. ఆ తరువాత కూడా కొందరిలో ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. తిట్టినా, కొట్టినా, తమ్ముడి ముందు ఎగతాళి చేసినా అది తగ్గదు. ఆరు నెలలకు పైగా పొడిగా పడుకున్న పిల్లవాడు మళ్లీ మొదలుపెడితే మాత్రం తప్పక చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు, మలబద్ధకం ఉన్నాయేమో చూడాలి. బడిలో గాని, వీధిలో గాని ఏదైనా భయం పట్టుకుందేమో కూడా తెలుసుకోవాలి.

మగపిల్లవాడికి ఏమవుతుందిలే అనుకోవద్దు

ఆడపిల్లను ఎవరింటికి పంపాలన్నా పదిసార్లు ఆలోచిస్తాము. మగపిల్లవాడి విషయంలో ఆ జాగ్రత్త ఉండదు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని నూటికి 53 మంది చెప్పారు. వారిలో సగానికి కొంచెం ఎక్కువ మంది మగపిల్లలే. ఎక్కువ మంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు మగపిల్లలకు కూడా ఆడపిల్లలతో సమానంగా రక్షణ ఇస్తుంది. సహాయానికి 1098 కి ఫోన్ చేయవచ్చు. కాని చట్టమైనా, ఫోనైనా పని చేయాలంటే ముందుగా వాడు ఇంట్లో ఒకరితో చెప్పాలి. అలా చెప్పినప్పుడు "నువ్వెందుకు ఊరుకున్నావు?" అని అడగకండి. "నీ తప్పు లేదు" అనండి.

చెప్పుకునే అలవాటు ఎలా వస్తుంది?

దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే చాలు.

1. పిల్లవాడు ఏమి చెప్పినా మీ మొదటి మాట "చెప్పావు, మంచి పని చేశావు" అని ఉండాలి. గాయానికి చేయవలసింది ముందు చేయండి.

2. "అయితే తప్పు చేసినా ఊరుకోవాలా?" అని తండ్రులు అడుగుతారు. ఊరుకోనక్కరలేదు. కాలువకు వెళ్లినందుకు రెండు రోజులు ఆట మానిపించవచ్చు. ఆ మాట మరునాడు చెప్పండి. కొట్టకుండా చెప్పండి. శిక్ష చేసిన పనికే గాని, వచ్చి చెప్పినందుకు కాదని వాడికి తెలియాలి.

3. ఆసుపత్రిలో రోగి చేరగానే నర్సులు తల నుండి పాదాల వరకు ఒకసారి చూస్తారు. ఇంట్లో వారానికొకసారి తలంటు పోసే రోజున మీరూ అలాగే చూడండి. మాడు, చెవుల వెనుక, మోచేతులు, పిక్కలు, వేళ్ల సందులు చూడండి. పాత గాటు కనబడితే కేకలు వేయకుండా "ఇది ఎప్పటిది?" అని అడగండి. పెద్దవాడై తానే స్నానం చేసుకుంటున్నవాడిని మాటతోనే అడగండి.

4. సాయంత్రం ఇంటికి రాగానే "హోంవర్కు ఎంత ఉంది?" అని కాకుండా "ఇవాళ ఆటలో ఎవరు పడ్డారు? ఎవరికి దెబ్బ తగిలింది?" అని అడగండి. స్నేహితుడి సంగతి చెబుతూ చెబుతూ తన సంగతి కూడా చెబుతాడు.

5. నాన్నలు తమ నొప్పి తాము చెప్పుకోవాలి. "ఇవాళ నడుము పట్టేసిందిరా, కాస్త నొప్పిగా ఉంది" అని తండ్రి అంటే, నొప్పి చెప్పుకుంటే మగతనం పోదని కొడుకు కళ్లారా చూస్తాడు.

6. ఏడిస్తే ఏడవనివ్వండి. మోకాలి దెబ్బ ఏడుపు రెండు నిమిషాల్లో ఆగుతుంది. ఆ రెండు నిమిషాలూ పక్కన కూర్చుంటే వచ్చేసారి కూడా మీ దగ్గరకే వస్తాడు.

ఈ రాత్రి అన్నాలు తిన్నాక మీ పిల్లవాడిని ఒక్క ప్రశ్న అడగండి. "నాకు చెప్పకుండా దాచిన దెబ్బ ఏదైనా ఉందా? ఉంటే చెప్పు, కొట్టను." వెంటనే చెప్పకపోయినా ఫరవాలేదు, వారం తరువాత మళ్లీ అడగండి. అడిగిన మాట మీద మాత్రం నిలబడండి. వాడు కుక్క గోరు సంగతి చెబితే, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకొని రండి. నాలుగు రోజుల కిందటిదైనా సరే, ఆలస్యమైందని మానేయకండి.