నాలుగు షాపులు తిరిగితే మిగిలేదెంత?

‘కందిపప్పు అక్కడ కిలోకి ఆరు రూపాయలు తక్కువట!’ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఈ మాట వినబడితే చాలు, మర్నాటికల్లా నలుగురైదుగురు సంచులు పట్టుకుని బయల్దేరతారు. పప్పులు ఒకచోట, నూనె ఇంకోచోట, సబ్బులూ సర్ఫులూ మూడోచోట. సాయంత్రం ఇల్లు చేరి, ఫ్యాను కింద కూలబడి, ‘పోనీలే, మూడొందలు మిగిలింది’ అనుకుంటారు.

ఆ మూడొందలు నిజంగా మిగిలినట్టేనా?

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. వీధి చివర కిరాణా కొట్టు, అందులో మన పేరు మీద ఓ ఖాతా, ఒకటో తారీఖున లెక్క. హైదరాబాద్‌లో 1980ల్లో మొదలైన త్రినేత్ర లాంటి సూపర్ మార్కెట్లు సరుకులు మనమే ఎంచుకుని బుట్టలో వేసుకోవడం నేర్పాయి. ఆ త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి ‘మోర్’లో కలిసిపోయింది. ఇప్పుడు డీమార్ట్, రత్నదీప్, రిలయన్స్, విజేత... ఒకే రోడ్డు మీద రెండు మూడు కనిపిస్తాయి. ప్రతిదాని ముందూ ‘ఆఫర్’ బోర్డే. దేన్ని వదిలేసినా ఏదో పోగొట్టుకుంటున్నామన్న బెంగ!

కాస్త లెక్క చూద్దాం

నెల సరుకులకు మీకు ఎనిమిది వేలవుతోందనుకోండి. ఒక్క షాపులోనే కొనకుండా మూడింటికి తిరిగి, ఏది ఎక్కడ చవకో చూసి కొంటే నూటికి నాలుగు రూపాయలు కలిసొచ్చిందనుకుందాం. అంటే 320 రూపాయలు. మొదటి షాపుకి ఎలాగూ వెళ్లేవారే కనుక అదనంగా వెళ్లింది రెండు షాపులకి. రానూపోనూ ఆటోకి ఒక్కోదానికి 80 రూపాయలు వేసుకున్నా 160 అక్కడే పోయింది. మిగిలింది 160. వెళ్లడం, వెతకడం, బిల్లు దగ్గర క్యూలో నిలబడటం, మోసుకురావడం కలిపి నాలుగు గంటలు పట్టిందా? గంటకి నలభై రూపాయలు పడింది!

ఇంకో సంగతి కూడా ఉంది. పప్పు కోసం వెళ్లిన షాపులో పప్పొక్కటే కొని బయటపడటం ఎంతమందికి సాధ్యం? ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ బిస్కెట్లు, పిల్లాడు మారాం చేసిన చాక్లెట్లు, ఎప్పటికైనా పనికొస్తుందనుకున్న ప్లాస్టిక్ డబ్బా... వీటిలో ఏ రెండు బుట్టలో పడ్డా ఆ 160 కాస్తా ఆవిరి. మూడు షాపులకి వెళ్లడమంటే మూడుసార్లు ఆశపడటమే.

‘ఇప్పుడు బస్సు ఉచితమేగా!’ అంటారేమో. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు. ఆటో ఖర్చు తగ్గింది. కానీ బస్సు కోసం నిలబడ్డ అరగంటా, పది కిలోల సంచితో మెట్లెక్కిన నడుమూ ఉచితం కావు కదా!

మన సమయానికి ధర లేదా?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ‘ఇంట్లోనే ఉంటావుగా, ఓసారి వెళ్లి చూసి రారాదూ?’ అన్న మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వస్తుందో! కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులకు స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, అవే పనులు చేసే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. దాదాపు అయిదు గంటలెక్కడ, గంటన్నర ఎక్కడ! ఆ అయిదు గంటల మీద ‘ఆఫర్ల వేట’ ఇంకో నాలుగు గంటలు పెంచితే, మిగిలిన రూపాయలు ఇంటి లెక్కలోకి వెళతాయి. పోయిన గంటలు మాత్రం ఏ లెక్కలోకీ రావు.

అలాగని తిరగడమే దండగ అనలేం. చేతిలో ఉన్న డబ్బుతోనే నెల గడవాల్సిన ఇంట్లో మూడొందలంటే వారం రోజుల కూరగాయలు. పెద్ద కుటుంబమై సరుకులు ఎక్కువగా పట్టే ఇంట్లో మిగులూ ఎక్కువే. ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే రెండో షాపు ఉన్నవారికి అదనపు ఖర్చూ లేదు. కాబట్టి అసలు ప్రశ్న ‘తిరగాలా వద్దా’ అని కాదు, ‘దేనికోసం తిరగాలి’ అని.

ఏ సరుకుకి తిరగాలి?

పోయిన నెల బిల్లు తీసి ముందు పెట్టుకోండి. నలభై రకాలు ఉండొచ్చు. కానీ బిల్లులో సింహభాగం తినేసేవి బియ్యం, నూనె, కందిపప్పు, మినప్పప్పు, నెయ్యి, బట్టల సబ్బు, కాఫీ టీ పొడులు... ఇలా పది పన్నెండుకి మించవు. ఉప్పు ప్యాకెట్టు ఎక్కడ కొన్నా తేడా రూపాయో రెండో. అదే బియ్యం బస్తాలో తేడా వస్తే ఒక్కసారే వంద మిగలొచ్చు. ఈ పన్నెండింటి ధరలు ఓ చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు నెలలకోసారి వేరే షాపులో సరిచూస్తే చాలు, ప్రతినెలా తిరగక్కర్లేదు. మీ పన్నెండూ కలిపి ఎక్కడ తక్కువకి వస్తున్నాయో అదే మీ షాపు. ఒక్క వస్తువు చవగ్గా ఉందని షాపు మార్చకండి. ఆ ఒక్కటీ మిమ్మల్ని లోపలికి రప్పించడానికి పెట్టిన ఎర కావచ్చు.

కంపెనీ పేరున్న సబ్బులూ టూత్‌పేస్టుల మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉంటుంది. దానికి మించి ఎవరూ తీసుకోకూడదు. దానిలో ఎంత తగ్గించారన్నదే షాపుకీ షాపుకీ మధ్య తేడా. విడిగా తూచి ఇచ్చే పప్పులు, బియ్యం, చింతపండు, ఎండుమిర్చి సంగతి వేరు. వీటిలో ధరతోపాటు నాణ్యతా మారుతుంది. కిలోకి అయిదు తక్కువైన పప్పు ఉడక్కుండా గంటసేపు గ్యాసు తాగేస్తే లాభమేముంది? కొత్త చోట మొదట అరకిలోనే కొని, వండి చూసి, ఆ తర్వాతే నెలకి సరిపడా తెచ్చుకోండి.

అంకెలతో జాగ్రత్త!

తిరిగే కాళ్లకన్నా చూసే కళ్లే ఎక్కువ మిగులుస్తాయి. నూనె ప్యాకెట్లే తీసుకోండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కనే చూడటానికి అచ్చం అలాగే ఉండే ప్యాకెట్టులో 850 గ్రాములే ఉండొచ్చు. 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 143 అనుకోండి. చెయ్యి రెండోదాని మీదకే వెళుతుంది. కానీ కిలో లెక్కన మొదటిది 165, రెండోది 168!

బియ్యం కూడా అంతే. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా అయిదు శాతం జీఎస్టీ కిందికి వచ్చింది 2022 జులైలో. అంతకు మించితే పన్ను లేదు కాబట్టి 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చాయి. 25 కిలోలది 1,400, 26 కిలోలది 1,430 ఉంటే ముప్ఫై ఎక్కువని వెనకాడతాం. కానీ మొదటిది కిలో 56 పడితే రెండోది 55.

ఈ భాగహారాలన్నీ మనమే చేయక్కర్లేకుండా 2021లో నిబంధనలు సవరించారు. కిలోకి మించిన ప్యాకెట్ల మీద కిలో ధర, కిలోకి తక్కువైతే గ్రాము ధర వేయాలి. గరిష్ఠ ధర పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని అయినా సరే అది చూడండి. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవకన్న నమ్మకం కూడా ఎన్నోసార్లు అక్కడే తేలిపోతుంది.

ఇక బిల్లు. అరమీద రాసిన ధర ఒకటి, బిల్లులో పడ్డది ఇంకొకటి కావడం మామూలే. కౌంటర్ దాటకముందే సరిచూసుకోండి. గరిష్ఠ ధరకన్నా ఎక్కువ తీసుకుంటే మొహమాటం వద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇలా చేసి చూడండి

* నెల సరుకులకి ఒకే షాపు పెట్టుకోండి. జాబితా రాసుకుని, భోజనం చేశాక వెళ్లండి. ఆకలి మీద వెళితే బుట్ట నిండిపోతుంది.

* కూరగాయలు వేరే లెక్క. 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. దగ్గర్లో ఉంటే వారానికోసారి పొద్దున్నే వెళ్లడం శ్రమకి తగిన పనే. దూరమైతే ఇంటిముందుకొచ్చే బండే మేలు.

* ఫోన్‌లో కూర్చున్నచోటే రెండు మూడు కంపెనీల ధరలు చూడొచ్చు. కానీ డెలివరీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు కలిపాక వచ్చిన మొత్తాన్నే పోల్చండి. ఉచిత డెలివరీ కోసం అవసరం లేనివి కలపకండి.

* ఇరుగుపొరుగు ముగ్గురు కలిస్తే వంతులేసుకోవచ్చు. ఈ నెల ఒకరు బియ్యం ధర కనుక్కుంటే, ఇంకొకరు నూనె ధర. ముగ్గురూ మూడు షాపులు తిరగనక్కర్లేదు.

* కిరాణా కొట్టుని పూర్తిగా వదులుకోకండి. ఇంట్లో జ్వరంతో పడుకున్నప్పుడు పాలప్యాకెట్టు పంపేదీ, నెలాఖర్లో ‘తర్వాతిద్దురులెండి అమ్మా’ అనేదీ ఆయనే. ఆ మాటకి ఏ ఆఫర్లోనూ ధర వేయలేరు.

* జాబితా ఓసారి మీవారి చేతికీ ఇవ్వండి. ‘ఏదో ఒకటి మర్చిపోయి వస్తారు’ అంటారా? మొదటిసారి మర్చిపోతారు, రెండోసారి ఫోన్ చేసి అడుగుతారు, మూడోసారికి కందిపప్పు ధర ఆయనే మీకు చెబుతారు!

పొదుపు మంచిదే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఈసారి మిగిలిన రూపాయలు రాసుకునేటప్పుడు, పక్కనే పట్టిన గంటలు కూడా రాయండి. రెండు నెలలు రాస్తే చాలు. ఏ తిరుగుడు మీ ఇంటికి లాభమో, ఏది మీ ఒంటికి నష్టమో ఆ కాగితమే చెబుతుంది. ‘ఓసారి వెళ్లి చూసి రారాదూ’ అన్నవారికి కూడా అదే చూపించొచ్చు.